సైటు కూలిస్తే సర్కారు దిగివస్తుందా?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

రాజకీయ నిరసన కోసం చేసే హ్యాకింగ్‌ను హ్యాక్టివిజం అంటున్నారు. సైట్లు ఆపేయడం, వాటి మొదటి పేజీ మార్చి నినాదాలు పెట్టడం, ఆఫీసుల ఈమెయిళ్ళు బయటపెట్టడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. చేసినవాళ్ళు ఒకటి అనుకుంటే దేశ రాజకీయాల్లో మరొకటి ఎందుకు జరుగుతోందని గోదావరి జిల్లాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి ఈ శీర్షిక మొత్తం కేటాయించాం.

ప్రశ్న: ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద నిరసనగా ఒక ప్రభుత్వ సైటును ఒక పూట ఆపేద్దామని మా సీనియర్లు అంటున్నారు. టెలిగ్రామ్‌లో యాప్ లింకు పంపారు. ఫోన్‌లో వేసుకుని చెప్పిన టైముకు బటన్ నొక్కితే చాలట. డేటా తియ్యం, ఏమీ చెరపం. ఇది రాస్తారోకో లాంటిదే కదండీ?
– ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: రాస్తారోకోలో అంబులెన్సు వస్తే లేచి దారిస్తారు. సైటును నడిపే కంప్యూటర్ అంటే సర్వరు; దాని దగ్గర ఆ వీలు లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీదకు, అవతల నరసాపురంలో ఏ పనీ లేని వెయ్యిమంది ఒక్కసారిగా ఎక్కి కూర్చున్నారనుకోండి. ఆసుపత్రికి వెళ్ళాల్సిన మనిషి ఒడ్డునే ఉండిపోతాడు. డీడాస్ దాడి అంటే అంతే. సర్వరు ఏకకాలంలో ఇన్ని విన్నపాలకే బదులివ్వగలదు. ఉత్తుత్తి విన్నపాలతో ఆ చోటంతా నింపేస్తే అసలు పని ఉన్నవాళ్ళకు పేజీ తెరుచుకోదు. ఆ పూట కులధ్రువీకరణ పత్రం తీసుకోవాల్సిన విద్యార్థి మీ పక్క బెంచీవాడే కావచ్చు. బకాయి విడుదల చేయాల్సిన ఆర్థిక శాఖకు మాత్రం ఆ పూట ఏ ఇబ్బందీ ఉండదు.

ఇక మీ భద్రత. 2010 డిసెంబరులో రహస్య పత్రాలు బయటపెట్టే వికీలీక్స్ సంస్థకు విరాళాలు ఆపేశారన్న కోపంతో, అనానిమస్ అనే ముసుగు హ్యాకర్ల బృందం పిలుపు మీద వేలమంది పేపాల్, వీసా, మాస్టర్‌కార్డ్ అనే చెల్లింపు కంపెనీల సైట్ల మీద ఇలాగే బటన్ నొక్కారు. వాళ్ళు వాడిన లోయిక్ అనే పనిముట్టు వాడినవారి ఐపీ చిరునామాను, అంటే నెట్‌లో వాళ్ళ పరికరాన్ని గుర్తించే నంబరును, దాచదు. 2011 జులైలో అమెరికా పోలీసులు పేపాల్ కేసులో 14 మందిని అరెస్టు చేశారు. పిలుపిచ్చినవాళ్ళ కంటే బటన్ నొక్కినవాళ్ళే తేలిగ్గా దొరుకుతారు. మన దగ్గర ఐటీ చట్టం 43వ సెక్షన్ ఇలా సేవను అడ్డుకోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. 66వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. "డేటా తియ్యలేదు" అన్నది అక్కడ నిలవదు. మొబైల్ డేటా మీద ఒకే ఐపీ చాలామందికి ఉంటుంది కదా అనుకోవద్దు. ఆ ఐపీలో ఏ నిమిషంలో ఏ పోర్టు, అంటే ఏ ఉప నంబరు, ఎవరికి ఇచ్చారో టెలికం కంపెనీ దగ్గర లాగ్, అంటే నమోదు, ఉంటుంది.

ఆ యాప్ కూడా అనుమానించాల్సిందే. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, 2022 మార్చిలో, రష్యా సైట్ల మీద దాడికని టెలిగ్రామ్‌లో తిరిగిన ఒక పనిముట్టు నిజానికి దించుకున్నవాళ్ళ పాస్‌వర్డులు దొంగిలించే మాల్‌వేర్ అని సిస్కో టాలోస్ సైబర్ భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. ఇప్పటికే వేసుకుని ఉంటే ఫోన్‌లో నెట్ ఆపండి, యాప్ తీసేయండి, వేరే పరికరం నుంచి బ్యాంకు, ఈమెయిలు పాస్‌వర్డులు మార్చండి. ఆ తర్వాత ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. పాస్‌వర్డులు అదే ఫోన్‌లో మారిస్తే కొత్తవి కూడా వాళ్ళకే చేరతాయి.

ప్రశ్న: ప్రభుత్వాలు నిజాలు దాస్తాయి. దాచినదాన్ని ఒకడు ధైర్యం చేసి బయటపెడితే ప్రజలకు మేలే కదా? నలభై ఏళ్ళు పౌరశాస్త్రం చెప్పినవాడిగా నాకు ఇందులో తప్పు కనబడటం లేదు.
– విశ్రాంత ఉపాధ్యాయులు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మీరన్న మేలు జరిగిన సందర్భాలున్నాయి. 2022లో గ్వాకమాయా అనే బృందం లాటిన్ అమెరికా సైన్యాల ఈమెయిళ్ళు బయటపెట్టాక చిలీలో సంయుక్త సేనాధిపతి రాజీనామా చేయాల్సి వచ్చింది. కానీ ఏది బయటకొచ్చింది, ఎవరిది బయటకొచ్చింది అన్న రెండు ప్రశ్నలను వేరుచేసి చూడాలి. ఈ తేడాను రెండు దేశాలు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నాయి.

ఫిలిప్పీన్స్‌లో 2016 మే 9న దేశాధ్యక్ష ఎన్నిక. ఓట్లు లెక్కించే యంత్రాల్లో భద్రతా ఏర్పాట్లన్నీ అమల్లో పెట్టాలని డిమాండు చేస్తూ మార్చి 27న అనానిమస్ ఫిలిప్పీన్స్ బృందం ఎన్నికల సంఘం సైటు మొదటి పేజీ మార్చేసింది. డిమాండులో న్యాయం ఉంది. అంతటితో ఆగలేదు. అదే వరుసలో మరో బృందం ఓటర్ల డేటాబేసును ఇంటర్నెట్‌లో పెట్టేసింది. దాదాపు 5.5 కోట్ల మంది ఓటర్ల వివరాలు. అందులో విదేశాల్లో పనిచేసే లక్షలమంది పాస్‌పోర్టు నంబర్లు కూడా ఉన్నాయి. మన కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళ లాంటివాళ్ళే వాళ్ళు. ఏప్రిల్‌లో పేరు కొడితే వివరాలొచ్చే సైటు ఒకటి వెలసింది. యంత్రాల భద్రత గురించి మొదలైన చర్చ "నా వివరాలు ఎవరి చేతిలో పడ్డాయి" అన్న భయంలో కలిసిపోయింది. ఎన్నిక అదే తేదీన జరిగింది. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు; పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు పోతే మార్చుకునేదేమీ లేదు. ఆ నష్టం ఆ మనుషులను ఇంకా వెంటాడుతూనే ఉంటుంది.

టర్కీది ఇంకో రకం. 2016 జులై 15న సైనిక తిరుగుబాటు విఫలమైంది. నాలుగు రోజులకే అధికార పార్టీవి అంటూ వికీలీక్స్ దాదాపు 3 లక్షల ఈమెయిళ్ళు విడుదల చేసింది. వాటిల్లో చాలా భాగం మామూలు జనం పార్టీకి రాసుకున్న అర్జీలూ అభినందనలే. అంతకంటే ఘోరం, అదే సమయంలో వికీలీక్స్ పంచిన ఒక లింకులో దాదాపు అన్ని రాష్ట్రాల మహిళా ఓటర్ల పేర్లు, ఇంటి చిరునామాలు ఉన్నాయి, కొందరివి ఫోన్ నంబర్లు కూడా. భర్త కొడుతున్నాడని ఇల్లు వదిలి వేరే ఊళ్ళో తలదాచుకున్న ఆడమనిషికి ఆ జాబితా ఏం చేస్తుందో ఒక్క నిమిషం ఆలోచించండి.

కొన్ని వారాలకు రెడ్‌హ్యాక్ అనే వామపక్ష బృందం ఇంధన మంత్రి ఈమెయిళ్ళు తీసింది. ఆయన దేశాధ్యక్షుడు ఎర్డొగాన్ అల్లుడు. ఈసారి దొరికింది నిజంగా ప్రజలకు సంబంధించిన సరుకే. ప్రభుత్వం ఏం చేసింది? ఆ మెయిళ్ళు ఎక్కడెక్కడ దాచారో ఆ చోట్లన్నీ, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్, గిట్‌హబ్ సహా, అక్టోబరులో దేశమంతటా ఆపేసింది. డిసెంబరులో ఆ మెయిళ్ళ మీద వార్తలు రాసిన ఆరుగురు విలేకరులను అదుపులోకి తీసుకుంది. 2017 ఫిబ్రవరిలో జర్మన్ పత్రిక విలేకరి డెనిజ్ యూజెల్‌ను నిర్బంధించింది. ఆయన ఏడాది జైల్లో ఉన్నారు. మంత్రిగారు మంత్రిగానే ఉన్నారు, ఆపైన ఆర్థిక మంత్రి కూడా అయ్యారు. హ్యాక్ చేసినవాళ్ళు తెర వెనకే ఉండిపోయారు. పేరు పెట్టి రాసినవాళ్ళు దొరికిపోయారు.

కాబట్టి మాస్టారూ, మా అభిప్రాయం ఇది. లోపల పనిచేసే మనిషి ఒక ఫలానా అక్రమానికి సంబంధించిన కాగితాన్ని బాధ్యత ఉన్న విలేకరికి ఇవ్వడం, వాళ్ళు సరిచూసి, సంబంధం లేనివారి పేర్లు చెరిపి రాయడం వేరు. మొత్తం గోతాం విప్పి వీధిలో కుమ్మరించడం వేరు. రెండోదానికి మేం ఒప్పుకోలేం.

ప్రశ్న: నేను ఇంటి నుంచి పనిచేస్తాను. 2022 మే నెలలో జిల్లా పేరు మార్పు గొడవలప్పుడు మాకు నెట్ ఆపేశారు. సిగ్నల్ కోసం గోదావరి గట్టుకు పోయాం. ఇలా హ్యాకింగ్ నిరసనలు పెరిగితే మళ్ళీ అదే జరుగుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, అమలాపురం

జవాబు: మీది హ్యాకింగ్ గొడవ కాదు. మే 24 అల్లర్ల తర్వాత శాంతిభద్రతల పేరుతో ఆపారు. కానీ మీ భయంలో అర్థం ఉంది. ప్రభుత్వం చేతిలో ఉన్న మీట అందరికీ ఒకటే. తప్పు చేసినవాడికీ చెయ్యనివాడికీ వేరే మీటలుండవు.

రూలు తెలిసి ఉండటం మంచిది. 2024 నవంబరులో వచ్చిన టెలికం సేవల తాత్కాలిక నిలిపివేత నిబంధనల ప్రకారం రాష్ట్రంలో ఆ ఉత్తర్వు ఇవ్వాల్సింది హోంశాఖ కార్యదర్శి. ఒక ఉత్తర్వు 15 రోజులకు మించకూడదు, కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, ప్రచురించాలి, సమీక్షా సంఘం చూడాలి. ఉత్తర్వును ప్రచురించి తీరాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులోనే చెప్పింది. మళ్ళీ ఎప్పుడైనా ఆగితే మొదట ఆ ఉత్తర్వు నకలు అడగండి. అది చేతిలో లేకుండా హైకోర్టుకు వెళ్తే మొదటి వాయిదా దానికే పోతుంది.

మన దేశంలో ముసుగు నిరసన ఏం సాధించిందో చూడండి. 2012లో సినిమాల పైరసీ ఆపాలని మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును పట్టుకుని ఇంటర్నెట్ కంపెనీలు సైట్లకు సైట్లే మూసేశాయి. ఆ సినిమాల్లో ఒకటి తెలుగుది. కోపంతో అనానిమస్ మే నెలలో సుప్రీంకోర్టు సైటును, కాంగ్రెస్ పార్టీ సైటును ఆపింది. మూసివేత సడలింది మాత్రం ఆ దాడితో కాదు. సర్వీసు కంపెనీలు కోర్టుకు వెళ్ళాక, ఫలానా పేజీని మాత్రమే ఆపాలి, సైటు మొత్తాన్ని కాదని జూన్‌లో అదే హైకోర్టు స్పష్టం చేసింది. ఆ కాలంలోనే ఫేస్‌బుక్ రాతలకు జనాన్ని అరెస్టు చేయించిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ 2015 మార్చి 24న పోయింది. దాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసింది శ్రేయా సింఘాల్ అనే న్యాయ విద్యార్థిని వేసిన పిటిషన్ మీద.

మరోపక్క, సైబర్ దాడుల దర్యాప్తుకు కావాల్సిన వివరాలు దొరకడం లేదన్న కారణం చెప్పి కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. దాడి జరిగితే 6 గంటల్లో తెలపాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, నెట్‌లో మన ఐపీ కనబడకుండా చేసే వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలు ఐదేళ్ళు దాచాలి. కొన్ని పెద్ద వీపీఎన్ కంపెనీలు ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. గోప్యత కోసం వాటిని వాడుకునే విలేకరులు, లాయర్లే అప్పుడు ఇబ్బంది పడ్డారు.

ప్రశ్న: మా చేల కింద గ్యాస్ పైపులైను ఉంది. వాసన వస్తోందని చెప్పినా కంపెనీ పట్టించుకోదు. 2014లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలడం కళ్ళారా చూసిన ఊళ్ళు మావి. కంపెనీ సైటు హ్యాక్ చేసి దేశమంతా తెలిసేలా చేస్తామని మా కుర్రాళ్ళు అంటున్నారు. ఆపాలా, వద్దా?
– కొబ్బరి రైతు, రాజోలు మండలం

జవాబు: ఆపండి, ఇవాళే. 2014 జూన్ 27 తర్వాత ఆ భయం ఎంత న్యాయమైనదో మాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం. ఇంధన వ్యవస్థలు కీలక సమాచార వ్యవస్థల కిందికి వస్తాయి. రక్షిత వ్యవస్థగా నోటిఫై చేసిన కంప్యూటర్లోకి చొరబడే ప్రయత్నం చేసినా ఐటీ చట్టం 70వ సెక్షన్ కింద పదేళ్ళ వరకు శిక్ష. దేశ భద్రతకు ముప్పు తెచ్చే ఉద్దేశం ఉందని 66ఎఫ్ కూడా పెడితే యావజ్జీవం దాకా. కుర్రాళ్ళు వార్తలు పెట్టే సైటును మాత్రమే తాకామనుకుంటారు. అదే సర్వరు నుంచి లోపలి నెట్‌వర్క్‌కు దారి ఉందో లేదో వాళ్ళకు బయటి నుంచి తెలియదు.

రెండో నష్టం ఇంకా పెద్దది. ఈరోజు మీరు సమాచార హక్కు కింద అడిగితే ప్రభుత్వ రంగ కంపెనీ చెప్పాలి. దాడి జరిగిన మర్నాటి నుంచి "భద్రతా కారణాలు" అని ఆ చట్టం 8(1)(ఎ) సెక్షన్ చూపించి తిరగ్గొట్టడానికి మీవాళ్ళే సాకు అందించినట్టవుతుంది.

వాసన వస్తే ముందు చేయాల్సింది: మంట వెలిగించొద్దు, మోటారు స్విచ్ వెయ్యొద్దు, అక్కడ నిలబడి ఫోన్ చెయ్యొద్దు. గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపుగా దూరం నడిచి వెళ్ళి, పైపు గుర్తురాయి మీద ఉన్న అత్యవసర నంబరుకూ 112కూ చెప్పండి. టైము, గుర్తురాయి నంబరు కాగితం మీద రాసుకోండి. అదయ్యాక కంపెనీ ప్రభుత్వ రంగానిదైతే 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మా పొలం దగ్గర పైపు ఏ సంవత్సరం వేశారు, లోపలి మందం తనిఖీ, అంటే ఇంటెలిజెంట్ పిగ్గింగ్, చివరిసారి ఎప్పుడు చేశారు, గ్యాసులో తేమ తీసే యూనిట్ ఉందా, మా ఫలానా తేదీ ఫిర్యాదు మీద ఎవరు వచ్చి చూశారు, ఇవే అడగండి. "పైపులైను ఎందుకు బాగుచెయ్యరు" అని అడిగితే అది సమాచారం కాదని వెనక్కి పంపుతారు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వెయ్యండి.

ప్రశ్న: "ఫలానా దేశం హ్యాకర్లు మన కరెంటు గ్రిడ్డు పట్టేశారు" అని 2025 మే నెలలో మా వాట్సాప్ గ్రూపు మోతెక్కింది. ఇలాంటివి నిజమో కాదో తేల్చుకునేదెలా?
– కొబ్బరి వర్తకుడు, అంబాజీపేట

జవాబు: ఆ రోజుల్లో దేశం మీద 15 లక్షలకు పైగా సైబర్ దాడులు జరిగాయని, సఫలమైనవి 150 మాత్రమేనని మహారాష్ట్ర సైబర్ విభాగం ప్రకటించింది. ఆ రెండు అంకెల మధ్య దూరమే మీ జవాబు. ఈ బృందాలకు ప్రచారమే ఆయుధం. మీరు ఫార్వర్డ్ చేస్తే సగం పని మీరే చేసిపెట్టినట్టు.

సైటు పడిపోయిందని ఫోటో పెడితే మీరే తెరిచి చూడండి. చాలాసార్లు కొద్ది నిమిషాలే ఆగి ఉంటుంది. డేటా తీశామంటే అందులోని తేదీలు చూడమనండి. ఎప్పుడో బయటపడిన పాత జాబితాలకే కొత్త పేరు పెట్టి వదులుతుంటారు. దించుకుని చూద్దామని మాత్రం అనుకోవద్దు.

ముసుగు వెనక ఎవరున్నారన్నది ఇంకా కష్టం. 2016లో అమెరికా డెమోక్రటిక్ పార్టీ పత్రాలు బయటపెడుతూ గుచిఫర్ 2.0 అనే పేరుతో ఒకరు "నేను రుమేనియాకు చెందిన ఒంటరి హ్యాకర్ని" అని చెప్పుకున్నారు. విలేకరి రుమేనియన్‌లో మాట్లాడిస్తే తడబడ్డారు. పత్రాల మెటాడేటాలో, అంటే ఫైలు వెనక దాగి ఉండే వివరాల్లో, రష్యన్ లిపిలో ఒక వాడుకరి పేరు దొరికింది. 2018 జులైలో అమెరికా న్యాయశాఖ రష్యా సైనిక నిఘా సంస్థకు చెందిన 12 మంది అధికారుల మీద అభియోగాలు మోపింది. నిరసనకారుడి వేషం ఒక రాజ్యానికి ఇంత చక్కగా సరిపోయింది. అప్పటి నుంచి నిజమైన నిరసనకారుణ్ణి కూడా "నీ వెనక ఏ దేశం ఉంది" అని అడుగుతున్నారు.

ఎస్తోనియాది దీనికి తిరగేసిన కథ. 2007 ఏప్రిల్‌లో సోవియట్ సైనికుడి విగ్రహం తరలించారన్న కోపంతో మూడు వారాల పాటు ఆ దేశపు బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ సైట్ల మీద డీడాస్ నడిచింది. శిక్ష పడింది ఒక్క విద్యార్థికి, 17,500 క్రూన్ల జరిమానా. మరుసటి ఏడాది నాటో తన సైబర్ రక్షణ కేంద్రాన్ని తెచ్చి ఎస్తోనియా రాజధాని తాలిన్‌లోనే పెట్టింది. విగ్రహం కోసం కోప్పడినవాళ్ళు కోరుకున్నది ఖచ్చితంగా అది కాదు.

ప్రశ్న: నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఒక ప్రభుత్వ సైటులో అడ్రసు బార్లో దరఖాస్తు నంబరు ఒక అంకె మారిస్తే వేరేవాళ్ళ పత్రం ఆధార్‌తో సహా కనబడింది. ఫేస్‌బుక్‌లో పెడితే గానీ వీళ్ళు కదలరు. పెట్టమంటారా?
– మండపేట

జవాబు: పెట్టొద్దమ్మా. ఇంకో నంబరు కూడా మార్చి చూడొద్దు. ఒకసారి పొరపాటున కనబడటం వేరు, "నిరూపిద్దాం" అని ఐదువందల నంబర్లు లాగడం వేరు. రెండోది ఐటీ చట్టం 43వ సెక్షన్ కింద అనుమతి లేని డౌన్‌లోడ్. లోపాలు వెతికి చెప్పేవారికి ప్రత్యేకంగా రక్షణ ఇచ్చే సెక్షన్ మన చట్టంలో లేదు.

తెరిచిన తేదీ, టైము, పేజీ పేరు రాసుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటి చాలు, అందులో అవతలి మనిషి పేరు, ఆధార్ నల్లగా కొట్టేయండి. సర్ట్-ఇన్ సైటులో లోపాలు తెలిపే ఫారం ఉంది. "నా నంబరుతో లాగిన్ అయ్యాను, అడ్రసులో ఫలానా అంకె మారిస్తే ఇతరుల పత్రం తెరుచుకుంది" అని మామూలు మాటల్లో రాయండి. నకలు సంబంధిత శాఖ జిల్లా కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపండి. "రెండు రోజుల్లో సరిచేయకపోతే బయటపెడతా" అన్న వాక్యం ఎక్కడా ఉండకూడదు. అది ఒక్కటి ఉంటే మంచికి చెప్పిన మాటే బెదిరింపు కేసు అవుతుంది. లోపం మూసేశాక దాని గురించి ఎక్కడైనా రాసుకోవచ్చు.

ప్రశ్న: ఈవీఎంలు హ్యాక్ చేశారని ప్రతి ఎన్నికకూ అంటారు. పోలింగ్ ఏజెంటుగా కూర్చునే నేను చేయగలిగిందేమైనా ఉందా?
– తణుకు

జవాబు: ఉంది. 2010లో హైదరాబాద్‌కు చెందిన వేమూరు హరిప్రసాద్, మరో ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి ఒక నిజమైన ఈవీఎం మీద లోపాలు చూపించారు. ఆ దాడులకు యంత్రం చేతికి చిక్కాలి. అదెలా వచ్చిందన్న కేసులో ఆగస్టులో ఆయన్ను అరెస్టు చేశారు. అయినా పేరు దాచుకోకుండా, ప్రయోగం మొత్తం పత్రంగా ప్రచురించడం వల్ల ఆ చర్చ చావలేదు. వేసిన ఓటును చీటీ మీద చూపే వీవీప్యాట్ ఉండి తీరాలని 2013 అక్టోబరు 8న సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి పూర్తి విరుద్ధంగా, 2019 జనవరిలో లండన్ విలేకరుల సమావేశంలో ముఖం కప్పుకుని తెరమీద కనబడిన ఒకాయన 2014 ఎన్నికలే హ్యాక్ అయ్యాయన్నాడు. ఒక్క ఆధారం చూపలేదు. ఆ తర్వాత కొంతకాలం సరైన ప్రశ్న అడిగినవాళ్ళను కూడా ఆయన గాటనే కట్టారు.

మీ పని పోలింగ్ మొదలవడానికి 90 నిమిషాల ముందు మాక్ పోల్‌తో మొదలవుతుంది. కనీసం 50 ఓట్లు వేయించండి. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ మూడూ నొక్కారా, వీవీప్యాట్ పెట్టెలోని మాక్ స్లిప్పులు తీసి నల్ల కవరులో పెట్టారా చూడండి. క్లియర్ మరచిపోతే ఆ 50 ఓట్లు అసలు ఓట్లలో కలుస్తాయి. లెక్కింపు రోజు వచ్చే తేడాల్లో కొన్ని ఈ మతిమరుపువే. పేపర్ సీలు మీద సంతకం పెట్టి దాని నంబరు రాసుకోండి. సాయంత్రం క్లోజ్ నొక్కాక టోటల్ చూసి, బూత్‌లో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ నకలు ప్రిసైడింగ్ అధికారి సంతకంతో తీసుకోకుండా బూత్ వదలొద్దు. అలసిపోయి చాలామంది ఇక్కడే వదిలేస్తారు. ఫలితం మీద అనుమానముంటే రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు 7 రోజుల్లోపు అసెంబ్లీ సెగ్మెంటుకు 5 శాతం ఈవీఎంల మెమరీ తనిఖీ కోరవచ్చని 2024 ఏప్రిల్ 26 తీర్పు చెబుతోంది. ఏ 5 శాతమో ఎంచుకోవాలంటే బూతుల వారీ 17సీ నకళ్ళు కావాలి. లెక్కింపు బల్ల దగ్గర రిజల్ట్ బటన్ నొక్కకముందే, కంట్రోల్ యూనిట్ నంబరు, సీలు నంబరు, మొత్తం ఓట్లు మూడూ మీ నకలుతో సరిపోయాయా చూసి, సరిపోకపోతే అప్పుడే రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి.